పెద్దల్లుడి గీజరు

మంగళవారం పొద్దున ఏడున్నరకి గీజరు పోయింది. పోవడం కూడా మర్యాదగా పోలేదు. పదమూడేళ్ళు గోడకి వేలాడిన మనిషిలా ఒకసారి గుర్రుమంది, ఒకసారి టిక్కుమంది, అడుగునుంచి తుప్పునీళ్ళు ధారగా వదిలి, ఎర్రదీపం ఆర్పేసుకుంది.

"అల్లుడూ! గీజరు బేజారైపోయిందయ్యా!" అని బాత్రూంలోంచి అత్తగారి కేక.

టైలరు అప్పుడే ఒక కాలరు మీద సుద్దగీత గీస్తున్నాడు. ఇంటి ముందుగది షాపు, వెనకగది సంసారం, మధ్యలో ఒక కర్టెను. కర్టెను తోసుకుని పరిగెత్తాడు. అత్తగారు ఒంటికి పెద్ద తువ్వాలు చుట్టుకుని, చేతిలో చెంబుతో తలుపు వెనకనుంచి తొంగి చూస్తోంది.

"షాకు కొట్టలేదు కదా అత్తయ్యా?"

"నాకు కొట్టలేదు. దానికే కొట్టింది. నువ్వు మెయిను ఆపు ముందు."

మెయిను ఆపాడు. మూత విప్పి చూశాడు. లోపల రాడ్డు చుట్టూ సున్నం అరచెయ్యి మందాన పేరుకుంది. దాన్ని కత్తెర మొనతో గీకబోతే ట్యాంకు అడుగే పెచ్చులా ఊడి చేతిలోకి వచ్చింది. ఇక దానికి కుట్టు పడదని టైలరుకి అర్థమైంది.

భార్య పొయ్యి మీద నీళ్ళు కాచి బకెట్టు మోసుకొచ్చింది. అత్తగారు స్నానం ముగించి, కళ్ళజోడు పెట్టుకుని, షాపులో తన ముక్కాలిపీట మీద కూర్చుని కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. చొక్కాకి ఏడు కాజాలు, అన్నీ చేత్తోనే. ఊళ్ళో అందరూ మెషీను కాజాలకి మారిపోయినా, ఈ షాపుకి జనం వచ్చేది ఆ కాజాల కోసమే. దారం పంటితో తెంపుతూ ఆవిడ అంది:

"పోయిన చలికాలం మూడు నెలలు ఉన్నా కదా, ఆ పెద్దల్లుడుగారింట్లో గీజరుంది చూడూ! తెల్లగా, పెళ్ళికొడుకులా ఉంటుంది. నీలం అంకెలు వెలుగుతాయి. ఎంత బాగుంటుందో!"

అంతే. టైలరుకి కన్నుకుట్టింది.

కుట్టడం అతని వృత్తి అయితే, కన్నుకుట్టడం అతని ప్రవృత్తి. అందరి మీదా కాదు పాపం, ఒక్క తోడల్లుడి మీదే. తోడల్లుడంటే తోడుండే అల్లుడని అమాయకులు అనుకుంటారు. మనశ్శాంతిని చేదలకొద్దీ తోడేసే అల్లుడని టైలరు అర్థం చెప్పేవాడు. తోడల్లుడు కాంట్రాక్టరు. కారుంది, మేడుంది, అన్నిటికీ మించి అత్తగారి నోట అతనికి 'గారు' ఉంది. "పెద్దల్లుడుగారు వచ్చారు, కూర్చున్నారు, నవ్వారు." అదే తనైతే, "అల్లుడూ, ఆ కత్తెర ఇటు పారెయ్." పదేళ్ళుగా ఆ రెండక్షరాల కోసం అతను లోలోపల కుతకుత ఉడుకుతున్నాడు. ఆ ఉడుకుని గొట్టం పెట్టి బకెట్టులోకి తిప్పుకోగలిగితే అసలు గీజరే అక్కర్లేకపోయేది.

మధ్యాహ్నం ఫోను మోగింది. వదిన. అంటే భార్య అక్క, కాంట్రాక్టరు భార్య.

"మరిదీ, గీజరు పోయిందటగా? అమ్మని చలిలో ఎందుకు కష్టపెడతారు? ఆదివారం మీ అన్నయ్య కారులో వస్తారు. చలికాలం అయ్యేదాకా అమ్మ ఇక్కడే ఉంటుంది."

"ఆదివారంలోపు మా ఇంట్లో కొత్తది ఉంటుంది వదినా," అన్నాడు టైలరు. అని, ఫోను పెట్టేసి, అత్తగారి వంక చూశాడు. ఆవిడ సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న ఇత్తడి టోపీని ఇంకోవేలితో తిప్పుతూ కూర్చుంది.

ఉండమనాలని ఉంది. అడిగితే, ఆ పెళ్ళికొడుకులాంటి గీజరు గుర్తొచ్చి వెళ్తానంటుందేమోనని భయం. అందుకని అడగలేదు. టేపు మెళ్ళో వేసుకుని ఊరుకున్నాడు.

బుధవారం గీజర్ల షాపుకి వెళ్ళాడు. గోడ నిండా తెల్లటి డబ్బాలు, గుండ్రటివి, నలుచదరపువి. సేల్స్‌మన్ సన్నగా, చొక్కాలో చొక్కాకంటే ఖాళీయే ఎక్కువున్నట్టు ఉన్నాడు. ఆ చొక్కా భుజం అంగుళం జారిందని టైలరు వచ్చీరాగానే గమనించాడు.

"ఇంట్లో ఎంతమంది సార్?"

"ముగ్గురం."

"షవరా, బకెట్టా?"

"బకెట్టే."

"నీళ్ళలో సున్నముంటుందా?"

"బకెట్టు అంచున తెల్లగా పేరుకుంటుంది."

"పెద్దవాళ్ళున్నారా?"

"మా అత్తయ్య."

సేల్స్‌మన్ ఇంకేం అడగలేదు. కింద వరసలోంచి ఒక మామూలు పదిహేను లీటర్లదాన్ని చూపించాడు. "ఇది తీసుకెళ్ళండి. ఒకటే స్విచ్చి, ఒకటే దీపం. ఎర్రగా ఉంటే కాగుతున్నట్టు, ఆరిపోతే కాగినట్టు. సున్నం పడితే ఏడాదికోసారి విప్పి కడగొచ్చు. మీకిదే సరిపోతుంది."

సరైన మాటే. తొమ్మిది నిమిషాల్లో తేలిపోయిన మాట. కానీ టైలరు చూపు పైవరసకి ఎగబాకింది. అక్కడ ఒకటి, నున్నగా, గుండ్రంగా, పొట్ట మీద నల్లటి అద్దంతో, నీలం అంకెలతో.

"అదో?"

"అది ఇరవై అయిదు లీటర్లు సార్. నాలుగు మీటలు. మీ ముగ్గురికి అంత దేనికి?"

"అంకెలు కనపడతాయిగా?"

"అంకెలతో స్నానం చేస్తారా సార్, నీళ్ళతోనా?"

టైలరుకి నవ్వు రాలేదు. మామూలుగా అలాంటి మాట వినపడితే దానికి ఇంకో రెండు కుచ్చులు తగిలించి తిరిగి విసిరేవాడు. "మా తోడల్లుడింట్లో ఉన్నది ఇదేనా, దీనికంటే పెద్దదా?" అన్నాడు. అది సేల్స్‌మన్‌కి ఎలా తెలుస్తుంది? "కొలత పట్టుకురండి," అన్నాడతను జాలిగా.

కొలత! ఆ మాట టైలరుతోనా అనడం!

గురువారం మధ్యాహ్నం కాంట్రాక్టరు ప్యాంట్లు రెండు సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి బయల్దేరాడు. నడుము వదులు చెయ్యమని ఇచ్చి నెలైంది. కాంట్రాక్టరు నడుము ఏటా అంగుళం పెరుగుతుంది, ఆ ఒక్క ఎదుగుదల మీద మాత్రం టైలరుకి అసూయ లేదు.

కాంట్రాక్టరు పనిమీద బయటికెళ్ళాడు. వదిన మంచినీళ్ళిచ్చి, ఫోనొస్తే లోపలికెళ్ళింది. "బాత్రూంకెళ్ళొస్తా," అని టైలరు, ముసలావిడకి ఇచ్చే గది పక్కనున్న బాత్రూంలోకి దూరి, గడియ పెట్టుకోవడం మర్చిపోయి, ప్లాస్టిక్ స్టూలు ఎక్కాడు. నిజంగానే పెళ్ళికొడుకులా ఉంది. మెళ్ళోంచి టేపు తీసి, దాన్ని కౌగలించుకుని, వెనకనుంచి చుట్టూ తిప్పి, ముందు ముడి కలిపి చదివాడు. నలభై నాలుగు.

"గీజరుకి సఫారీ సూటు కుడతావా మరిదీ?"

వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

టైలరు స్టూలు మీదనుంచి దిగలేదు. దిగితే పరువు కూడా దిగుతుందని. "అబ్బే, ఛాతీ బాగుంది వదినా, చూస్తున్నా," అన్నాడు. వదిన పడీపడీ నవ్వింది. "ఇది అమ్మ కోసమే పెట్టించాం, మేం మేడ మీద షవర్లే వాడతాం," అంది. టైలరు ఆ మాట కూడా మూటగట్టుకున్నాడు. అమ్మ కోసమే!

ఇంటికొచ్చేదాకా నలభై నాలుగు అంటూనే ఉన్నాడు. టైలరు లెక్కలో చుట్టుకొలతని సగం చేస్తే వెడల్పు. గుడ్డని బల్లమీద పరిస్తే ముందు సగం, వెనక సగం. ముప్ఫై ఏళ్ళుగా అలాగే చేశాడు, ఒక్క చొక్కా తప్పలేదు. కాబట్టి గీజరు వెడల్పు ఇరవై రెండు అంగుళాలు. తమ బాత్రూంలో గుమ్మానికీ, గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి అరకీ మధ్య ఖాళీ పద్దెనిమిది.

"అర కొట్టించెయ్యాలి," అన్నాడు శుక్రవారం పొద్దున.

భార్య చేతిలో పని ఆపేసింది. "అమ్మ పీట మీదనుంచి లేచేటప్పుడు ఆ అర పట్టుకునే లేస్తుందండీ."

"పట్టుకోవడానికి అల్లుణ్ణి నేను లేనూ?"

"బాత్రూంలోనా?" అంది భార్య.

టైలరు ప్లంబరుకి ఫోను చేశాడు. ప్లంబరు సుత్తి, ఉలి పట్టుకొచ్చి, గోడ చూసి, "సార్, గీజరొచ్చాక చూసి కొడదామా?" అన్నాడు. "కొలత నాది. కొట్టు," అన్నాడు టైలరు. అర నాలుగు దెబ్బలకి ఊడిపోయింది. దాని మీదుండే సబ్బుపెట్టె, నూనెసీసా, అత్తగారి దువ్వెన కిటికీ గట్టు మీదికి వెళ్ళాయి. గోడ మీద ఇటుకలు బయటపడి ఎర్రగా కనపడుతున్నాయి.

సాయంత్రం నాలుక్కి ఇరవై అయిదు లీటర్ల గీజరు ఆటోలో దిగింది. ప్లంబరు పెట్టె విప్పి, రెండు చేతుల్తో ఎత్తి గోడకి ఆనించాడు. దానికీ గుమ్మానికీ మధ్య జాగా, ఇటు పక్కన జాగా, ఇంకా జాగా. అర ఉన్నా హాయిగా పట్టేది.

ప్లంబరు జేబులోంచి ఇనపటేపు తీసి అడ్డంగా పెట్టాడు. "పద్నాలుగు అంగుళాలు సార్. మీరు ఇరవై రెండన్నారు?"

"నలభై నాలుగులో సగం ఎంతయ్యా?"

"సగమెందుకు చేశారు?" ప్లంబరు బకెట్టు తిరగేసి చూపించాడు. "ఇది గుండ్రం సార్. గుండ్రాన్ని చుట్టూ కొలిస్తే మూడో వంతు చెయ్యాలి. సగం చెయ్యడానికి దీన్నేమైనా ఇస్త్రీ చేసి మడతపెడతామా?"

నవ్వాపుకోలేక వాడు గోడవైపు తిరిగి మేకులు బిగించాడు. భార్య నవ్వలేదు. ఇటుకల వంక చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. బిగించడం అయ్యాక ప్లంబరు నాలుగు మీటల సంగతి గడగడా అప్పజెప్పాడు. టైలరు అర్థమైనట్టు తలూపాడు. నవ్వినవాణ్ణి మళ్ళీ అడగడమా!

శనివారం పొద్దున మొదటి స్నానం అత్తగారిది. టైలరు తానే వెళ్ళి మీట నొక్కాడు. నీలం అంకెలు వెలిగాయి. పావుగంట ఆగి, "వెళ్ళండి అత్తయ్యా, అంతా సిద్ధం!" అన్నాడు. అని, తలుపు బయట పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. లోపల చెంబు చప్పుడు. ఒకటి, రెండు, గబగబా మూడు, నాలుగు. ఆవిడ ఎప్పుడూ అంత తొందరగా పోసుకోదు.

తలుపు తెరుచుకుంది. తలకి తువ్వాలు చుట్టుకుని, గోడలు తడుముకుంటూ అత్తగారు బయటికొచ్చింది. "చాలా బాగుంది అల్లుడుగారూ!" అంది. "తెల్లగా, పెళ్ళికొడుకులా ఉంది. నీలం అంకెలు ఎంత బాగున్నాయో!"

అల్లుడుగారూ!

టైలరుకి కాళ్ళు నేలమీద ఆనలేదు. షాపులోకెళ్ళి ఒక చొక్కా చెయ్యి తిరగేసి కత్తిరించబోయి, సర్దుకుని, మళ్ళీ గీత గీశాడు. పదేళ్ళ దాహం ఒక్క స్నానంతో తీరిపోయింది. కాంట్రాక్టరు రేపొస్తాడు. రానీ! వచ్చి, చూసి, అత్తగారి నోట 'గారు' రెండు ముక్కలైందని విని కుళ్ళుకోనీ!

అత్తగారు వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. దారం కొస నాలికతో తడిపి మళ్ళీ. ఎక్కలేదు. మూడోసారి సూదే చేతిలోంచి జారింది. ఆవిడ మొహం కిటికీవైపు తిప్పుకుని, చేతులు రెండూ ఒళ్ళోని చొక్కా కిందికి దూర్చుకుంది.

టైలరు వంగి సూది తీసి ఇవ్వబోయాడు. వేళ్ళు తగిలాయి. చల్లగా, బిగుసుకుపోయి, కొసలు ముడతలు పడి నీలంగా ఉన్నాయి.

అతను లేచి బాత్రూంలోకి వెళ్ళాడు. అద్దం మీద ఆవిరి లేదు. గీజరు పొట్ట మీద నీలంగా నీళ్ళ వేడి ఇరవై రెండని ఉంది. కొళాయి తిప్పి చెయ్యి పెట్టాడు. తీసేశాడు.

తిరిగొచ్చి నేలమీద, ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. "నీళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వంత సరదాగా పెట్టించావు. మొదటిరోజే ఎలా చెప్పేది?"

"మరి బాగుందన్నారు?"

"చూడ్డానికి బాగుందనే కదా అన్నాను!"

టైలరుకి ఒక ఆలోచన మెల్లిగా, సూదిమొనలా దిగింది. పెళ్ళికొడుకు, నీలం అంకెలు. మంగళవారం అన్న మాటే ఇవాళా అంది, పొల్లు పోకుండా.

"అక్కడో? పెద్దల్లుడుగారింట్లో?"

ఆవిడ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంది. "మొదటిరోజు చెప్పారయ్యా పాపం. ఏదో మీట నొక్కిపట్టాలట, ఇంకోటి పైకి, మళ్ళీ మొదటిది. మర్నాటికి మర్చిపోయాను. రెండోసారి అడిగితే చెప్తూ చెప్తూ గడియారం చూసుకున్నారు. మూడోసారి ఎలా అడగను? వాళ్ళంతా మేడ మీదుంటారు. మూడు నెలలేగా. అలవాటైపోయింది."

మూడు నెలలు. చన్నీళ్ళు. ఆ మూడు నెలల స్నానాన్నే కదా తను ఇన్నాళ్ళూ కన్నుకుట్టి కన్నుకుట్టి చూసింది! దానికోసమే కదా అర పగలగొట్టింది! 'గారు' అంటే గౌరవమనుకున్నాడు. మూడోసారి అడగడానికి వీల్లేని మనిషికి ఆవిడ పెట్టుకున్న పేరు అది. ఒక్క గీజరుతో తానూ ఆ జాబితాలోకెక్కాడు.

"రండి, నేను చూపిస్తాను," అన్నాడు.

"వద్దు నాయనా. నాకివన్నీ ఎక్కవు. బుర్ర మొద్దుబారింది." ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి గట్టిగా తలూపింది. ఇక బతిమాలితే ఇంకా కుంచించుకుపోయేట్టుంది.

టైలరు షాపుకి అరపూట సెలవిచ్చి, పెట్టెలోంచి చిన్నపుస్తకం తీసి బాత్రూంలో స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి మీట మూడు అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కిపట్టాలి. అంకె మిణుకుమంటుంది. పైకి బాణమున్న మీట. యాభై దాకా. మళ్ళీ మొదటిది ఒక్కసారి. ఆ ఆఖరు నొక్కు నొక్కకపోతే ఇన్నీ నొక్కి ఏం లాభం లేదు, ఎప్పటి అంకెకి అప్పుడే తిరిగొస్తుంది. ఎనిమిదిసార్లు తప్పాడు. తొమ్మిదోసారి కొళాయిలోంచి పొగలొచ్చాయి. ఇందాక కర్టెను వెనకనుంచి అంతా విన్న భార్య గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. "గడియారం చూసుకోలేదే మీరు?" అంది. అతను ఆ వేణ్ణీళ్ళు చెంబు నిండా పట్టి భార్య చేతికిచ్చాడు. అత్తగారి చేతులకి.

తర్వాత వెళ్ళి ప్లంబరుని పిలుచుకొచ్చాడు. ఊడిన అర ఉన్నచోట బొటనవేలంత లావు స్టీలు కడ్డీ బిగించారు. ఎంత ఎత్తులో పెట్టాలని ప్లంబరు అడిగితే, ఈసారి టైలరు తన లెక్క చెప్పలేదు. అత్తగారిని పీట మీద కూర్చోబెట్టి, "లేవండి," అని, గాల్లోకి ఆవిడ చెయ్యి ఎంతవరకు వెళ్ళిందో అక్కడ సుద్దగీత గీశాడు.

ఆదివారం పొద్దున అత్తగారు కొత్త గీజరు వద్దని పొయ్యి నీళ్ళే పోసుకుంది. పదకొండింటికి కాంట్రాక్టరు కారు గుమ్మంలో ఆగింది. "ఏమోయ్, రెడీమేడ్ కాలంలో ఇంకా కుడుతూనే ఉన్నావా!" అంటూ దిగాడు. అత్తగారి సంచి కర్టెను పక్కన సర్ది ఉంది. వెళ్తానని ఆవిడ చెప్పలేదు, వెళ్ళనని కూడా చెప్పలేదు. కారు తెచ్చిన 'గారు'కి కాదనడం ఆవిడకి రాదు.

టైలరు నాలిక చివర మాట సిద్ధంగా ఉంది. మీ ఇంట్లో అత్తయ్య మూడు నెలలు చన్నీళ్ళు పోసుకుంది అన్నగారూ. ఒక్క వాక్యం. ఆ మేడ, ఆ కారు, ఆ పెళ్ళికొడుకు, అన్నీ ఆ ఒక్క వాక్యంతో కూలతాయి. అత్తగారు ఇక్కడే ఉంటుంది. నోరు తెరిచాడు. కర్టెను పక్కన ఆవిడ మొహం పాలిపోయింది. కాంట్రాక్టరు పరువుకంటే ముందు పోయేది ఎవరి పరువో అతనికి కనపడింది. ఇంత చిన్న మీట తెలియని మనిషని అందరిముందూ బయటపడేది ఆవిడే.

"అన్నగారూ," అన్నాడు టైలరు, "మీ ఇంట్లో ఉన్నదే నేనూ తెచ్చాను. తెచ్చానే గానీ, నా మట్టిబుర్రకి ఒక్కటీ ఎక్కట్లేదు. కాస్త నేర్పుదురూ."

కాంట్రాక్టరు మొహం వెయ్యి వాట్ల బల్బయింది. "రావోయ్!"

"అత్తయ్యా, మీరూ కాస్త రండి. నేను మర్చిపోతే గుర్తుచేద్దురుగాని."

ముగ్గురూ ఆ ఇరుకులో నిలబడ్డారు. భార్య గుమ్మంలో. కాంట్రాక్టరు ఒకసారి చేసి చూపించాడు. టైలరు మొదటి మీటని టక్కున నొక్కి వదిలేశాడు. "నొక్కిపట్టాలయ్యా!" రెండోసారి చూపించాడు. టైలరు పైకి బదులు కిందికి నొక్కాడు. "నీకు సూది తప్ప ఏదీ ఎక్కదేమిటోయ్!" అని కాంట్రాక్టరు గట్టిగా నవ్వాడు. టైలరు చెవులు ఎర్రబడ్డాయి. నటన అనుకుంటే సులువే గానీ, ఆ నవ్వు నటన కాదు, తగలాల్సిన చోటే తగిలింది. "ఇంకొక్కసారి అన్నగారూ," అన్నాడు. కాంట్రాక్టరు గడియారం చూసుకుని మూడోసారి చూపించాడు. టైలరు అన్నీ సరిగ్గా నొక్కి, యాభై దాకా తీసుకెళ్ళి, ఆఖరు నొక్కు నొక్కకుండా చేతులు దులుపుకున్నాడు.

"అది కాదయ్యా!" అత్తగారు ఇద్దరల్లుళ్ళనీ చెరోపక్కకి తోసుకుని ముందుకొచ్చింది. "మళ్ళీ మొదటిది నొక్కాలి కదా! లేకపోతే ఎప్పటి నీళ్ళు అప్పుడే! ఇటు జరుగు." ఇత్తడి టోపీ వేలితోనే నొక్కింది. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టింది. బాణం. యాభై. మళ్ళీ మొదటిది. లోపల ట్యాంకు సన్నగా మూలగడం మొదలుపెట్టింది.

"చూశావా? అత్తయ్యగారికి ఒక్క దెబ్బకి వచ్చేసింది!" అన్నాడు కాంట్రాక్టరు.

"పెద్దవాళ్ళు కదండీ," అన్నాడు టైలరు.

పావుగంటలో కారు వెళ్ళిపోయింది. సంచి, దువ్వెన, కళ్ళజోడు పెట్టె, అన్నీ వెళ్ళిపోయాయి. ఆ ఒక్క వాక్యం అనేసుంటే ఉండిపోయేదేమో. నేర్పించి మరీ పంపించాడు. ముక్కాలిపీట మీద సగం కుట్టిన చొక్కా ఉంది, నాలుగు కాజాలు అయ్యాయి, ఇంకా మూడు.

"తొమ్మిదిసార్లు చేసి నేర్చుకున్నారుగా మీరు నిన్న," అంది భార్య. అతను మెషీను తొక్కుతూనే ఉన్నాడు. ఆవిడ వచ్చి అతని మెళ్ళోంచి టేపు తీసి, చుట్టచుట్టి, బల్ల మీద పెట్టింది. "అన్నానికి రండి."

సోమవారం పొద్దున తొమ్మిదింటికి వదిన ఫోను. "మరిదీ, అమ్మకేమైంది? ముప్పావుగంటనుంచి బాత్రూంలోంచి రాదే! తలుపు సందుల్లోంచి ఒకటే ఆవిరి! లోపల్నుంచి కూనిరాగాలు కూడానూ! ఇదిగో, వచ్చింది, మాట్లాడు."

"అల్లుడూ!" అత్తగారి గొంతు ఉడికి మెత్తబడ్డట్టుంది. "ఒళ్ళు దూదిలా అయిపోయిందయ్యా. ఇన్నాళ్ళ చలీ ఒక్కసారే దిగింది."

టైలరుకి సంతోషమేసింది. సంతోషం మీద, సన్నగా, అలవాటు చొప్పున, కన్నుకుట్టింది. ఆపుకోలేక అడిగేశాడు. "మా గీజరుకంటే బాగా కాగుతాయా అత్తయ్యా అక్కడ?"

"నన్నడుగుతావేం? మీ కొత్తదాని వేణ్ణీళ్ళు నేనెప్పుడు పోసుకున్నానయ్యా?" అంది ఆవిడ. "ఆ చొక్కా ఎవరికీ ఇవ్వకు. బుధవారం బస్సెక్కి వస్తున్నా. పోసుకుని చూసి చెప్తా."